ఎర్రగడ్డ గదిలోంచి బంగాళాఖాతం రంగు చూద్దామా?

ఉపగ్రహాలు రోజూ సముద్రం రంగును కొలుస్తున్నాయి. ఆ డేటా ఫ్రీ. దాన్ని నడిపే కంప్యూటర్ కూడా క్లౌడ్‌లో దాదాపు ఫ్రీగానే దొరుకుతోంది. కావాల్సిందల్లా ఓ పాత లాప్‌టాప్, కాస్త ఓపిక, బోలెడన్ని ప్రశ్నలు.

హైదరాబాద్‌కి సముద్రం లేదు. బీచ్ చూడాలంటే బస్సెక్కి మూడొందల కిలోమీటర్ల పైమాటే. కానీ ఓ చిత్రం తెలుసా? దేశంలో సముద్రాన్ని రోజూ కనిపెట్టుకుని ఉండే ఆఫీసు ఉన్నది ఈ ఊళ్లోనే. ఎర్రగడ్డ నుంచి కూకట్‌పల్లి మీదుగా వెళ్తే ఓ పది పన్నెండు కిలోమీటర్లలో ప్రగతినగర్. అక్కడే ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం. సునామీ హెచ్చరికలు వచ్చేది అక్కడి నుంచే. ఇంకోవైపు మూసాపేట దాటి బాలానగర్ వెళ్తే ఇస్రో వాళ్ల జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, ఎన్ఆర్ఎస్‌సీ. ఉపగ్రహాలు కిందికి పంపే సిగ్నల్‌ని పట్టుకునే యాంటెన్నాలు షాద్‌నగర్‌లో ఉన్నాయి.

అంటే మనం రోజూ మెట్రోలో వేలాడుతూ వెళ్లే ఈ చుట్టుపక్కలే బంగాళాఖాతం, అరేబియా సముద్రం ఫొటోలు దిగుతుంటాయన్నమాట. నేనుండేది ఎర్రగడ్డలో, పని సాఫ్ట్‌వేర్‌లో. సముద్ర శాస్త్రం చదవలేదు. అయినా కొన్ని నెలలుగా వీకెండ్స్‌లో ఈ డేటాతో కుస్తీ పడుతున్నా. ఇంజినీరింగ్ చదివిన వాళ్లెవరైనా, ఆ మాటకొస్తే పైథాన్ కొంచెం వచ్చిన డిగ్రీ కుర్రాళ్లెవరైనా ఇది నేర్చుకోవచ్చని నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఎలాగో చెప్తాను. ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో కూడా చెప్తాను. ఎందుకంటే ఈ మ్యాపుల చివర ఒక మనిషి, ఒక పడవ, ఒక డీజిల్ బిల్లు ఉంటాయి.

రంగులో ఏముంది?

సముద్రం నీలంగా ఎందుకుంటుందో స్కూల్లో చదువుకున్నాం. నీళ్లు ఎరుపు వెలుగును మింగేసి నీలాన్ని ఎక్కువగా వెనక్కి పంపుతాయి. కానీ నీళ్లలో కంటికి కనిపించనంత చిన్న మొక్కల్లాంటి జీవులు ఉంటాయి. వాటిని ఫైటోప్లాంక్టన్ అంటారు, మన పాఠ్యపుస్తకాల్లో వృక్ష ప్లవకాలు. చెట్టు ఆకుల్లో ఉన్నట్టే వాటిలోనూ పత్రహరితం, అదే క్లోరోఫిల్ ఉంటుంది. క్లోరోఫిల్ నీలం వెలుగును తినేస్తుంది, పచ్చరంగు జోలికి పెద్దగా పోదు. అందుకే ప్లవకాలు ఎక్కువైన చోట నీళ్లు నీలం నుంచి పచ్చకి తిరుగుతాయి.

ఉపగ్రహం చేసే పని ఇంతే. 443 నానోమీటర్ల దగ్గర నీలం వెలుగు ఎంత వచ్చింది, 555 దగ్గర పచ్చ వెలుగు ఎంత వచ్చింది అని కొలుస్తుంది. రెండింటి నిష్పత్తి నుంచి ఒక ఘనపు మీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల క్లోరోఫిల్ ఉందో అంచనా కడతారు. నడి సముద్రంలో ఇది 0.1 దగ్గర్లో ఉంటుంది. తీరానికొచ్చేసరికి 1 దాటుతుంది. నదులు కలిసే చోట ఇంకా పైకి పోతుంది.

వినడానికి ఈజీగా ఉందా? అసలు కష్టం మధ్యలో ఉన్న గాలితో. ఉపగ్రహానికి చేరే వెలుగులో నూటికి తొంభై వంతుల వరకు సముద్రం నుంచి వచ్చింది కాదు, గాలిలోని అణువులు, ధూళి, తేమ చెదరగొట్టింది. ఆ తొంభైని లెక్కగట్టి తీసేస్తేనే మిగిలిన పదిలో సముద్రం కనిపిస్తుంది. దీన్నే అట్మాస్ఫియరిక్ కరెక్షన్ అంటారు. అక్కడ చిన్న తేడా వస్తే చివర్లో క్లోరోఫిల్ నంబర్‌లో పెద్ద తేడా వస్తుంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంత చిన్న జీవుల గోల మనకెందుకు అంటారా? భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం ఈ ప్లవకాల పనే. వీటిని చిన్న జీవులు తింటాయి, వాటిని కవళ్లు, కానాగంతల్లాంటి చేపలు తింటాయి, ఆ చేపల్ని సూర, వంజరం లాంటి పెద్ద చేపలు తింటాయి. పచ్చిక ఎక్కడుంటే పశువులు అక్కడికి పోయినట్టే అనుకోండి.

1978 నుంచి ఇప్పటిదాకా

సముద్రం రంగు చూడ్డానికే తయారైన మొదటి పరికరాన్ని నాసా 1978 అక్టోబర్‌లో నింబస్-7 ఉపగ్రహంలో పంపింది. అది 1986 దాకా పనిచేసింది. తర్వాత చాలా ఏళ్లు గ్యాప్. 1997లో సీవిఫ్స్ వచ్చింది. 2002 మేలో ఆక్వా ఉపగ్రహం మీద మోడిస్ పరికరం వెళ్లింది. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా మొదలుపెట్టేది ఈ మోడిస్ డేటాతోనే.

మన దేశం ఏం తక్కువ తినలేదు. 1999 మే 26న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ2 రాకెట్ ఓషన్‌శాట్-1ని తీసుకెళ్లింది. అందులో ఓషన్ కలర్ మానిటర్ అనే కెమెరా ఉంది. 8 రంగుల పట్టీల్లో 360 మీటర్ల వివరంతో చూసేది. ఇన్‌కాయిస్ పుట్టింది కూడా ఆ 1999లోనే. 2009 సెప్టెంబర్ 23న ఓషన్‌శాట్-2 వెళ్లింది. 2022 నవంబర్ 26న పీఎస్ఎల్‌వీ-సీ54 మీద ఈఓఎస్-06 వెళ్లింది. దాన్నే ఓషన్‌శాట్-3 అంటారు. దాని కెమెరాలో 13 పట్టీలున్నాయి.

360 మీటర్లు అంటే రెండు మూడు క్రికెట్ గ్రౌండ్లు పక్కపక్కన పెట్టినంత. మనం మొదట నేర్చుకోబోయే మోడిస్ డేటాలో ఒక్కో చుక్క దాదాపు 4.6 కిలోమీటర్లు. అంటే ఎర్రగడ్డ మెట్రో స్టేషన్ నుంచి మూడో స్టేషన్ అమీర్‌పేట వరకు మొత్తం కలిపి ఒకే ఒక్క పిక్సెల్! సిటీకైతే ఇది ఎందుకూ పనికిరాదు. సముద్రానికి మాత్రం మొదటి పాఠంగా సరిపోతుంది.

చివరన ఉన్న మనిషి

ఈ రంగు డేటాతో ఇన్‌కాయిస్ చేసే ముఖ్యమైన పని ఒకటుంది. చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాలను గుర్తించి మత్స్యకారులకు చెప్పడం. పీఎఫ్‌జెడ్ సూచనలు అంటారు. సముద్రపు పైనీటి వేడి, క్లోరోఫిల్... ఈ రెండు మ్యాపులూ పక్కపక్కన పెట్టి, వేడి నీళ్లు, చల్ల నీళ్లు కలిసే అంచులు ఎక్కడున్నాయి, పచ్చదనం ఎక్కడ తేలింది అని చూస్తారు. అక్కడ మేత ఉంటుంది కాబట్టి చేపలు చేరే అవకాశం ఎక్కువ. ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కున ఇన్ని కిలోమీటర్ల దూరం, అక్కడ లోతు ఇంత అని తెలుగుతో సహా తీర రాష్ట్రాల భాషల్లో పంపిస్తారు. మన తీరానికి ఉత్తర ఆంధ్ర, దక్షిణ ఆంధ్ర అని రెండు విభాగాలున్నాయి. సూర చేపల కోసం విడిగా సూచనలు కూడా ఉన్నాయి.

ఇవి అన్ని రోజులూ రావు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో సూచనలు ఉండవు. మబ్బులు దట్టంగా కమ్మినా, సముద్రం అల్లకల్లోలంగా ఉన్నా ఉండవు.

నా రూమ్మేట్‌ది ఉప్పాడ వైపు. వాళ్ల మావయ్య బోటు మీద సరంగు. ఓసారి వీడియో కాల్‌లో ఆయనకి నా స్క్రీన్ మీద మ్యాప్ చూపించా. కాకినాడ ముందు సముద్రం అంతా ఎర్రగా, పచ్చగా, నీలంగా మెరుస్తోంది. ఎరుపు అంటే క్లోరోఫిల్ బాగా ఎక్కువ అని నేనే పెట్టిన రంగుల పట్టీ.

ఆయన కాసేపు చూసి అడిగారు. "ఇది ఏ నెలది బాబూ?"

"జులైది మావయ్యా, నెలంతటి సగటు."

"నెల సగటు నేనేం చేసుకుంటాను? నిన్నటి నీళ్లు ఇవాళ ఉండవు. సరే, ఆ ఎరుపంతా మేతేనా, గోదారి బురదా?"

రెండే ప్రశ్నలు. ఈ సబ్జెక్టులో నేర్చుకోవాల్సిన అసలు పాఠాలు ఆ రెండూనే. ఒకటి, డేటా ఎప్పటిది? రెండు, ఆ రంగు దేని వల్ల వచ్చింది? ఒక బోటు వేటకి వెళ్లొస్తే డీజిల్, ఐస్, మనుషుల కూలి అన్నీ ముందే ఖర్చయిపోతాయి. మ్యాప్ మీద అందమైన మచ్చ చూసి ఎవరైనా అటు తిప్పితే, అక్కడ చేపల బదులు బురద ఉంటే, ఆ ఖర్చు మన లాప్‌టాప్ పెట్టుకోదు.

క్లౌడ్ ఎందుకు?

ఇరవై ఏళ్ల మోడిస్ డేటా అంటే రోజుకో మ్యాప్ చొప్పున ఏడు వేల మ్యాపుల పైనే. ప్రపంచం మొత్తానిది డౌన్‌లోడ్ చేసుకుంటూ కూర్చుంటే హాస్టల్ వైఫై ఏడుస్తుంది, 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్ పడుకుంటుంది. ఒకప్పుడు ఈ పని యూనివర్సిటీ ల్యాబుల్లో మాత్రమే అయ్యేది అందుకే.

ఇప్పుడు పద్ధతి తిరగబడింది. డేటాని కోడ్ దగ్గరికి తేవడం కాదు, కోడ్‌ని డేటా దగ్గరికి పంపడం. డేటా ఎక్కడో పెద్ద సర్వర్లలో కూర్చుని ఉంటుంది. మీరు బ్రౌజర్‌లో పది లైన్లు రాస్తే అవి అక్కడికెళ్లి లెక్కచేసి, జవాబు మాత్రమే తిరిగొస్తుంది. ఆ జవాబు ఒక గ్రాఫ్ కావచ్చు, ఒక చిన్న బొమ్మ కావచ్చు. కొన్ని కిలోబైట్లు, అంతే.

అమీర్‌పేటలో ఏ బిల్డింగ్ చూసినా క్లౌడ్ కోర్సు బోర్డే కదా. అక్కడ నేర్చుకునే స్టోరేజ్ బకెట్, రీజియన్, పర్మిషన్, బిల్లింగ్ అనే మాటలన్నీ ఇక్కడ నిజంగా పనికొస్తాయి. తేడా ఏంటంటే, కోర్సులో ఎవరిదో ఊహల షాపింగ్ సైట్ డేటాబేస్ మీద ప్రాక్టీస్ చేస్తాం. ఇక్కడ మీ చేతిలో ఉండేది నిజమైన బంగాళాఖాతం.

మొదటి మెట్టు: ఎర్త్ ఇంజిన్

మొదలుపెట్టడానికి గూగుల్ ఎర్త్ ఇంజిన్ సులువు. చదువుకీ, పరిశోధనకీ, వ్యాపారం కాని పనులకీ ఉచితం. జీమెయిల్‌తో రిజిస్టర్ అయ్యి, ఏ పనికి వాడతారో ఫారంలో నిజాయితీగా రాయాలి. తర్వాత బ్రౌజర్‌లోనే కోడ్ ఎడిటర్ తెరుచుకుంటుంది. అందులో రాసేది జావాస్క్రిప్ట్. పైథాన్ కావాలంటే కొలాబ్‌లో వాడుకోవచ్చు.

మొదటి ప్రయోగం ఇలా చేయండి.

ఒకటి. డేటాసెట్ వెతకండి. సెర్చ్ బాక్సులో ఓషన్ కలర్ అని కొడితే మోడిస్ ఆక్వా లెవెల్-3 కలెక్షన్ వస్తుంది. 2002 జులై నుంచి మొదలవుతుంది. అందులో క్లోరోఫిల్‌తో పాటు సముద్రపు వేడి కూడా ఉంటుంది. కేటలాగ్ పేజీలో ఏ తేదీ వరకు ఉందో ముందే చూసుకోండి.

రెండు. పెట్టె గీయండి. విశాఖ ముందు సముద్రంలో, ఉత్తర అక్షాంశం 17 నుంచి 17.5, తూర్పు రేఖాంశం 83.5 నుంచి 84 వరకు ఓ చతురస్రం పెట్టండి. తీరానికి అతుక్కుని గీయకండి. ఎందుకో కింద చెప్తా.

మూడు. తేదీలతో వడకట్టండి. ముందు ఒకే ఏడాది తీసుకోండి. నెలవారీ సగటు కట్టండి. పన్నెండు నెలలకు పన్నెండు చుక్కల గ్రాఫ్ గీయండి.

నాలుగు. అదే పని పదేళ్లకి చేయండి. ఏ నెలలో పైకి లేస్తోంది, ఏ నెలలో పడుతోంది, ప్రతి ఏడాదీ అలాగే ఉందా?

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇక్కడ ఒక విషయం వింతగా ఉంటుంది. మీరు ఫర్ లూప్ రాసి ఒక్కో మ్యాప్ తిప్పాలనుకుంటారు. ఎర్త్ ఇంజిన్ అలా ఆలోచించదు. మీరు రాసే ప్రతి లైనూ ఒక రెసిపీ మాత్రమే. వంట సర్వర్‌లో, అది కూడా మీరు ప్రింట్ చేయమన్నప్పుడో, మ్యాప్ మీద చూపించమన్నప్పుడో మొదలవుతుంది. స్క్రీన్ మీద ఉన్న భాగానికే, ఉన్న జూమ్‌కే లెక్క చేస్తుంది. ఇది అలవాటు కావడానికి ఓ వారం పడుతుంది, కంగారు పడకండి.

ఇంకో మాట. సెంటినెల్-3 అనే యూరప్ ఉపగ్రహం డేటా కూడా ఎర్త్ ఇంజిన్‌లో ఉంది. 21 పట్టీలు, 300 మీటర్ల వివరం. చూడగానే నోరూరుతుంది. కానీ అక్కడ పెట్టింది గాలి తొంభై వంతులు తీసేయని వెలుగు. దాన్ని తిన్నగా నిష్పత్తిలో పెట్టేసి క్లోరోఫిల్ అని చెప్పకూడదు. క్లోరోఫిల్‌గా మార్చిన రూపం కోసం యూరప్ వాళ్ల కోపర్నికస్ మెరైన్ సర్వీస్‌కి వెళ్లాలి. అదీ ఉచితమే. వాళ్ల పైథాన్ టూల్‌తో మనకి కావాల్సిన పెట్టె వరకే కోసుకుని తెచ్చుకోవచ్చు.

మ్యాప్ చెప్పని నాలుగు సంగతులు

గ్రాఫ్ రాగానే వాట్సాప్ స్టేటస్ పెట్టేయాలనిపిస్తుంది. ఆగండి.

మొదటిది, మబ్బులు. ఈ పరికరాలు మబ్బుల్లోంచి చూడలేవు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బంగాళాఖాతం మీద మబ్బు కమ్మే ఉంటుంది. ఆ రోజుల్లో పిక్సెల్ ఖాళీ. మీరు 'జులై సగటు' అన్నప్పుడు అది 31 రోజుల సగటా, దొరికిన రెండు రోజుల సగటా? ఎర్త్ ఇంజిన్‌లో సగటుతో పాటు కౌంట్ అనే రెడ్యూసర్ కూడా నడపండి. ఒక్కో చుక్కకి నిజంగా ఎన్ని రోజుల డేటా ఉందో తెలుస్తుంది. ఆ రెండో మ్యాప్ పక్కన పెట్టకుండా మొదటి మ్యాప్‌ని ఎవరికీ చూపించొద్దు.

రెండోది, సగటు చేసే మాయ. క్లోరోఫిల్ విలువలు సమంగా పరుచుకుని ఉండవు. ఐదు పిక్సెల్స్ తీసుకోండి. నాలుగింటిలో 0.1, ఒకదానిలో 9.6. మామూలు సగటు కడితే 2 వస్తుంది. అక్కడ ఏ ఒక్క పిక్సెల్‌లోనూ 2 లేదు! లాగరిథమ్ తీసుకుని సగటు కట్టి మళ్లీ వెనక్కి తిప్పితే 0.25 వస్తుంది. మధ్య విలువ తీసుకుంటే 0.1. ఏది సరి అన్నది మీ ప్రశ్నని బట్టి ఉంటుంది, కానీ ఏది వాడారో రాయకపోతే ఆ నంబర్‌కి అర్థం లేదు. ఈ రంగంలో రంగుల పట్టీలు కూడా లాగ్ స్కేల్‌లోనే పెట్టేది ఇందుకే.

మూడోది, బురద. మావయ్య అడిగిన ప్రశ్న. వానాకాలంలో గోదావరి ఎర్రనీరు సముద్రంలోకి చాలా దూరం వెళ్తుంది. ఆ మట్టి, కుళ్లిన ఆకుల నుంచి కరిగొచ్చిన రంగు కూడా నీలం, పచ్చ నిష్పత్తిని మార్చేస్తాయి. సూత్రానికి ఆ తేడా తెలియదు, అంతా క్లోరోఫిలే అనుకుని పెద్ద నంబర్ ఇచ్చేస్తుంది. నడి సముద్రం కోసం తయారైన సూత్రాన్ని నదీ ముఖం దగ్గర వాడితే వచ్చే ఇబ్బంది ఇది. అందుకే పెట్టెను తీరానికి దూరంగా గీయమన్నా.

నాలుగోది, చేప. క్లోరోఫిల్ అంటే చేప కాదు. అది మేతకి ముందు మెట్టు. ప్లవకాలు పెరిగాక వాటిని తినే జీవులు పెరగాలి, అప్పుడు చేపలు చేరాలి. కొన్నిసార్లు ప్లవకాలు విపరీతంగా పెరిగిపోవడమే ముప్పు. 2019 ఆగస్టులో చెన్నై బీచ్‌లో రాత్రిపూట అలలు నీలంగా మెరిసిన వీడియోలు గుర్తున్నాయా? అది నాక్టిల్యూకా అనే ప్లవకం పని. చూడ్డానికి బాగుంటుంది కానీ, అది బాగా ఎక్కువైతే నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేపలకి ఇబ్బంది. ఇలాంటి వాటిని కనిపెట్టడానికి ఇన్‌కాయిస్ విడిగా ఒక సేవ నడుపుతోంది.

రెండో మెట్టు: పైథాన్, పేస్

ఎర్త్ ఇంజిన్ చేయి తిరిగాక నాసా క్లౌడ్‌కి వెళ్లండి. ఎర్త్‌డేటా అనే ఉచిత అకౌంట్ తీసుకోవాలి. ఎర్త్‌యాక్సెస్ అనే పైథాన్ లైబ్రరీతో డేటా వెతకొచ్చు. ఎక్స్‌అరే అనే లైబ్రరీతో తెరవొచ్చు. పాండాస్ తెలిసినవాళ్లకి ఎక్స్‌అరే కొత్తగా అనిపించదు. పాండాస్‌లో వరుసలు, నిలువు గళ్లు ఉంటే ఇక్కడ అక్షాంశం, రేఖాంశం, కాలం, తరంగదైర్ఘ్యం అని నాలుగు దిక్కులుంటాయి.

2024 ఫిబ్రవరి 8న నాసా పేస్ అనే ఉపగ్రహాన్ని పంపింది. ఇది పాతవాటిలాగా ఎనిమిదో పదో పట్టీలు చూడదు. అతినీలలోహితం నుంచి సమీప పరారుణం దాకా రెండొందలకు పైగా సన్నని పట్టీల్లో చూస్తుంది. పచ్చగా ఉంది అని చెప్పడంతో ఆగకుండా, ఏ రకం ప్లవకాల వల్ల పచ్చగా ఉందో విడదీసే ప్రయత్నం దీనితో జరుగుతోంది.

ఈ డేటా అమెజాన్ క్లౌడ్‌లో ఉంది, కానీ అమెరికాలోని ఆరెగాన్ రీజియన్‌లో. మన హైదరాబాద్‌లోనూ 2022 నవంబర్ నుంచి అమెజాన్ రీజియన్ ఉంది కదా, ఇక్కడ సర్వర్ పెట్టుకుంటే పోలా అనిపిస్తుంది. అలా కుదరదు. స్టోరేజ్ నుంచి నేరుగా చదువుకునే దారి ఆరెగాన్‌లో నడిచే సర్వర్‌కే తెరిచి ఉంటుంది. బయటి నుంచి అడిగితే మామూలు ఇంటర్నెట్ దారిలో ఫైల్ రావాలి, నెమ్మది. క్లౌడ్ అంటే ఆకాశంలో ఎక్కడో కాదు, ఫలానా ఊళ్లో ఫలానా బిల్డింగ్ అని నాకు నిజంగా అర్థమైంది ఇక్కడే. మొదట్లో కొలాబ్ నుంచి ఒకటి రెండు ఫైళ్లు తెచ్చుకుని ఆడుకోండి. సొంత సర్వర్ పెడితే ముందు బిల్లింగ్ అలర్ట్ పెట్టుకోండి, పని కాగానే ఆపేయండి.

మనవే మూడు ప్రాజెక్టులు

ఎవరో చేసిన ట్యుటోరియల్ మక్కీకి మక్కీ దించితే నేర్చుకున్నట్టు కాదు. మన తీరం మీదే చేయడానికి బోలెడు ప్రశ్నలున్నాయి.

విశాఖ వేసవి: మార్చి నుంచి మే దాకా గాలులు తీరం వెంబడి నైరుతి నుంచి వీస్తాయి. భూమి తిరగడం వల్ల పైనీళ్లు కుడివైపుకి, అంటే తీరానికి దూరంగా జరుగుతాయి. ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లటి, పోషకాలున్న నీళ్లు పైకొస్తాయి. అప్‌వెల్లింగ్ అంటారు. 1950లలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ శాస్త్రవేత్త ఇ.సి. లాఫాండ్ పడవల మీద వెళ్లి కొలతలు తీసి దీన్ని వివరించారు. మీరు ఆ మూడు నెలల వేడి, క్లోరోఫిల్ గ్రాఫులు ఒకదాని కింద ఒకటి పెట్టండి. ఒకటి పడితే ఇంకోటి లేస్తోందా చూడండి.

హుద్‌హుద్ తర్వాత: 2014 అక్టోబర్ 12న ఆ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. మామూలుగా బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ పోసే మంచినీరు పైన మూతలా పరుచుకుంటుంది. అందుకే అడుగు పోషకాలు పైకి రావడం కష్టం, అరేబియా సముద్రమంత పచ్చగా ఉండకపోవడానికి ఇదో ముఖ్య కారణం. తుపాను ఆ మూతని కవ్వంతో చిలికినట్టు కలిపేస్తుంది. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ ప్రభావాన్ని మన శాస్త్రవేత్తలు అప్పుడే కొత్తగా వెళ్లిన ఓషన్‌శాట్-1 డేటాతో పరిశీలించారు. మీరు హుద్‌హుద్‌కి ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు పోల్చండి. తుపాను రోజుల్లో మబ్బులే కనిపిస్తాయి, మొదటి పాఠం గుర్తుంది కదా. తీరం దగ్గర వరద బురద కూడా కలుస్తుంది కాబట్టి తుపాను వచ్చిన దారిలో, నడి సముద్రంలో పెట్టె గీయండి.

గోదావరి చేయి: వేసవిలోనూ, వరద నెలల్లోనూ నది ముందు రంగు ఎంత దూరం వెళ్తోంది? ఇక్కడ దాన్ని క్లోరోఫిల్ అనకండి, 'రంగు మారిన నీళ్లు' అనండి. అలా పేరు మార్చడమే సగం సైన్స్.

ఎక్కడ నేర్చుకోవాలి, దేనికి పనికొస్తుంది?

ఇన్‌కాయిస్ ఆవరణలోనే అంతర్జాతీయ సముద్ర శాస్త్ర శిక్షణ కేంద్రం ఉంది. యునెస్కో గుర్తింపు ఉన్న సంస్థ. వాళ్ల కోర్సుల ప్రకటనలు చూస్తూ ఉండండి. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్ఎస్ ఆన్‌లైన్‌లో ఉచిత రిమోట్ సెన్సింగ్ కోర్సులు నడుపుతుంది. నాసా వాళ్ల ఆర్సెట్ శిక్షణ కూడా ఉచితమే. మన ఉపగ్రహాల డేటా కోసం ఎన్ఆర్ఎస్‌సీ వాళ్ల భూనిధి పోర్టల్ ఉంది.

ఇది నేర్చుకుంటే రేపే లక్షల జీతం వస్తుందని చెప్పను. సముద్ర డేటా ఉద్యోగాలు ఐటీలో ఉన్నన్ని లేవు. కానీ పెద్ద డేటా, క్లౌడ్, మ్యాపులు, లెక్కలు అన్నీ కలిసిన ఒక నిజమైన పని చేశానని ఇంటర్వ్యూలో చెప్పగలిగితే, వందమంది రెజ్యూమేల్లో ఉండే అదే షాపింగ్ కార్ట్ ప్రాజెక్ట్ కంటే ఎక్కువ మాట్లాడుకోవడానికి ఉంటుంది. వ్యవసాయం, చెరువులు, నగరాల వేడి... ఏ ఉపగ్రహ డేటాకైనా ఇవే మెట్లు.

ఒక్క హద్దు మాత్రం పెట్టుకోండి. మీ మ్యాప్‌ని చేపల సూచన అని ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు. మత్స్యకారుల వాట్సాప్ గ్రూపుల్లో అసలే వద్దు. వేటకెళ్లేవాళ్లకి ఇన్‌కాయిస్ ఇచ్చే రోజువారీ సూచనలు, అలల హెచ్చరికలు ఉన్నాయి. వాళ్ల దగ్గర తాజా డేటా ఉంది, తప్పొప్పులు సరిచూసే మనుషులున్నారు, వేడి మ్యాప్, రంగు మ్యాప్ కలిపి చూసే అనుభవం ఉంది. ఇంట్లో కూర్చుని చేసే నెల సగటు దానికి బదులు కాదు. మీకు తెలిసిన వాళ్లెవరైనా బోటు మీద వెళ్తుంటే, ఆ సూచనలు వాళ్ల ఫోన్‌కి వస్తున్నాయో లేదో కనుక్కోండి. రాకపోతే వచ్చేలా చేసిపెట్టండి. ఆ పది నిమిషాల పని మీ పది మ్యాపుల కంటే ఎక్కువ డీజిల్ మిగల్చొచ్చు.

ఇక మొదలుపెట్టే వాళ్లకి చివరి చిట్కా. ముందుగా జనవరి, ఫిబ్రవరి నెలల డేటా తీసుకోండి. ఆకాశం తేటగా ఉంటుంది, ఖాళీలు తక్కువ. మీ అమ్మమ్మ ఊరో, స్నేహితుడి ఊరో తీరంలో ఉంటే దాని ముందు పెట్టె గీయండి. గ్రాఫ్ వచ్చాక అక్కడి పెద్దవాళ్లకి ఫోన్ చేసి, ఆ నెలల్లో నీళ్ల రంగు ఎలా ఉంటుందో అడగండి. వాళ్లు చెప్పింది మీ గ్రాఫ్‌తో కలవకపోతే ఫోన్ పెట్టేయకండి. పెన్ను తీసుకుని రాసుకోండి.